గేముల్లో మ్యూజిక్ చేసే పని ఏంటి? గొర్రెల కాపరి గేమ్ చేస్తున్న తమ్ముడికి జవాబు

తమ్ముడూ, మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు నీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పేస్తాను. నువ్వు మహబూబ్‌నగర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నావు. ఫ్రెండ్స్‌తో కలిసి ఫోన్‌లో ఆడే గేమ్ ఒకటి చేస్తున్నావు. గొర్రెలు కాసే పిల్లాడు తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ గుట్టలెక్కుతాడు, ఆ గుట్టల్లో ఒక చిరుత తిరుగుతుంటుంది. నీకు కీబోర్డు వచ్చు కాబట్టి మ్యూజిక్ నీ నెత్తిన పడింది. కోడ్ రాసే ఫ్రెండేమో "ఫోన్లో అందరూ మ్యూట్‌లోనే ఆడతారు, చివర్లో ఏదో ఒక ట్యూన్ పెట్టేస్తే సరిపోతుంది" అంటున్నాడు. అసలు గేముల్లో మ్యూజిక్ పాత్ర ఎట్లా మారుతూ వచ్చింది, మీ గేమ్‌లో అది ఏం చెయ్యాలి అని అడిగావు.

నాది నల్గొండ. చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో గేమ్ ఆడియో పనే చేస్తున్నాను, కాబట్టి ఈ మాట చాలామంది కోడర్ల నోట విన్నాను. అందులో సగం నిజం ఉంది. బస్సులో, క్లాసులో, ఇంట్లో అందరూ పడుకున్నాక మ్యూట్‌లోనే ఆడతారు. అందుకే సౌండ్ లేకపోయినా గేమ్ నడవాలి. చిరుత దగ్గరికొస్తే గొర్రెలు బెదిరినట్టు స్క్రీన్ మీద కూడా కనిపించాలి. కానీ "చివర్లో పెట్టేస్తే" అన్న దగ్గర మీవాడు పొరబడ్డాడు. సినిమాకి రీరికార్డింగ్ చివర్లో చేస్తారంటే, అప్పటికి ఎడిటింగ్ అయిపోయి ఏ సీన్ ఎన్ని సెకన్లో తేలిపోయి ఉంటుంది. గేమ్‌కి ఆ సుఖం లేదు. ఒకడు గుట్ట మొదట్లో పది నిమిషాలు నిలబడి చుట్టూ చూస్తాడు, ఇంకొకడు పది సెకన్లలో పైకి ఎగబాకుతాడు. ఇద్దరికీ అదే మ్యూజిక్ సరిపోవాలి. అందుకే ఇక్కడ ట్యూన్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆడేవాడు ఏం చేస్తే మ్యూజిక్ ఏం చెయ్యాలి?

గేమ్ మ్యూజిక్ చరిత్రను చాలామంది "బీప్ శబ్దాల నుంచి ఆర్కెస్ట్రా దాకా" అని చెప్తారు. నాకు ఆ లెక్క నచ్చదు. ఆర్కెస్ట్రా వచ్చిన మాట నిజమే, కానీ దానికి డబ్బు ఉంటే చాలు. నేను చూసేది ఆడేవాడి చేతలకు మ్యూజిక్ ఎంత స్పందిస్తోందన్నది. అట్లా చూస్తే దారి మెట్లెక్కినట్టు పైకే పోలేదు, మధ్యలో కొన్నేళ్ళు వెనక్కి కూడా వెళ్ళింది.

1978లో జపాన్‌లో టైటో కంపెనీ విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్ దగ్గర మొదలుపెడదాం. తోమోహిరో నిషికాడో చేసిన ఆర్కేడ్ గేమ్. వరుసలు కట్టిన గ్రహాంతరవాసులు అటూ ఇటూ జరుగుతూ కిందికి దిగుతుంటారు, మనం కింద నుంచి కాలుస్తుండాలి. అందులో మ్యూజిక్ అనదగ్గది నాలుగంటే నాలుగు మంద్రస్వరాలు. పైనుంచి కిందికి దిగుతూ దుం, దుం, దుం, దుం అని తిరిగి తిరిగి వస్తాయి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ నడక వేగం పెరుగుతుంది, దాంతోపాటే ఆ స్వరాల వేగమూ పెరుగుతుంది. తమాషా ఏంటంటే ఆ నడక పెరగడం మొదట ఎవరూ కావాలని పెట్టింది కాదు. అంతమందిని ఒకేసారి గీయడం అప్పటి ప్రాసెసర్‌కి భారం. కొందరు చచ్చాక భారం తగ్గి, మిగతావాళ్ళు చకచకా కదిలారు. నిషికాడోకి అది నచ్చి అట్లాగే ఉంచేశాడు. దాంతో ఆడేవాడు బాగా ఆడేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత టెన్షన్ పెట్టిన మ్యూజిక్ నేను ఇంకోటి వినలేదు. ఇది 1978 నాటిదని గుర్తుంచుకో. అంటే స్పందించే మ్యూజిక్ కొత్తగా వచ్చిన హైటెక్ వ్యవహారమేమీ కాదు, పుట్టుకతోనే ఉంది.

ఆ రోజుల్లో చాలా గేముల్లో మొదట్లో ఒక చిన్న ట్యూన్, ఓడిపోతే ఇంకో చిన్న ట్యూన్, మధ్యలో అంతా శబ్దాలే. 1980 నాటి పాక్‌మ్యాన్ మొదలయ్యేటప్పుడు వచ్చే ట్యూన్ ఆ బాపతుదే.

తర్వాతిది మనకు కాస్త దగ్గరి సంగతి. నింటెండో వాళ్ళు 1983లో జపాన్‌లో ఫామికాం అనే గేమ్ మెషీన్ తెచ్చారు. దాని సౌండ్ చిప్‌లో ఐదు చానళ్ళు. రెండు ట్యూన్‌కి, ఒకటి బేస్‌కి, ఒకటి దరువుకి పనికొచ్చే నాయిస్, ఇంకొకటి రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దాలకు. మన వైపు అసలు ఫామికాం చూసినవాళ్ళు తక్కువ గానీ, దాని నకళ్ళు, అదే టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ డబ్బాలూ వాటి కాసెట్లూ, నల్గొండ ప్రకాశం బజార్‌లో కూడా దొరికేవి. 1985లో కోజీ కోండో సూపర్ మారియోకి మ్యూజిక్ చేశాడు. కోడ్, బొమ్మలు, మ్యూజిక్ అన్నీ కలిపి ఆ గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. ఆ ఇరుకులోనే ఎంత పని చేయించాడో చూడు. పైన ఎండలో ఒక ట్యూన్, పైపులో దూరి నేల కిందికి దిగితే ఇంకో ట్యూన్. నక్షత్రం దొరికితే దూకుడుగా ఉండే వేరే ట్యూన్, అది ఆగిపోతోందంటే నీ బలం అయిపోయినట్టే. టైమర్ 100కి దిగగానే ఒక హెచ్చరిక కూత, ఆ తర్వాత అదే పాత ట్యూన్ స్పీడుగా. ఆ డబ్బాల ముందు కూర్చున్న పిల్లలెవరూ స్క్రీన్ మీద టైమ్ అంకె చూసేవాళ్ళు కాదు, చెవికే తెలిసిపోయేది. గేజ్ చెయ్యాల్సిన పనిని మ్యూజిక్ చేసిందన్న మాట.

అప్పటి కంపోజర్లు చిప్‌లను ఎంత పిండారో చెప్పాలంటే ఇక్కడ చోటు చాలదు. కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో ఒకేసారి మూడే స్వరాలు పలికేవి, కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వాయించాలంటే చానళ్ళు చాలవు. అందుకని కార్డ్‌లోని స్వరాలను ఒకే చానల్‌లో ఒకదాని వెంట ఒకటి రెప్పపాటులో తిప్పేవాళ్ళు, చెవి వాటిని కలిపి వినేది. ఇప్పుడు చిప్‌ట్యూన్ అని మనం ఇష్టంగా వినే ఆ గలగల అక్కడి నుంచి వచ్చిందే.

1989లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ మీద వచ్చిన టెట్రిస్ సంగతి మాత్రం నీ గేమ్ కోసం చెప్తున్నా. ప్రపంచమంతా "టెట్రిస్ ట్యూన్" అనుకునేది నిజానికి కొరోబైనికి అనే 19వ శతాబ్దపు రష్యన్ పాట. ఊరూరా తిరిగి సరుకులమ్ముకునేవాళ్ళ పాట. హిరోకాజు తనాకా దాన్ని ఆ చిన్న చిప్‌కి సరిపడా మలిచాడు. ఒక పల్లెపాట ఇట్లా కోట్ల మంది చెవుల్లోకి వెళ్ళింది. మన పాటలు గేముల్లో పనికొస్తాయా అని అనుమానపడేవాళ్ళకి నేను ముందు చెప్పే ఉదాహరణ ఇదే.

ఇక 1991. నా దృష్టిలో గేమ్ మ్యూజిక్‌లో అసలైన మలుపు అదే. లూకాస్‌ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీలో మైకేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ కలిసి ఐమ్యూజ్ అనే సిస్టం తయారు చేసి మంకీ ఐలాండ్ 2 అనే గేమ్‌లో వాడారు. అందులో వుడ్‌టిక్ అనే ఊరుంటుంది, ఒడ్డుకు చేరిన పాత ఓడలనే ఇళ్ళుగా, కొట్లుగా మార్చుకున్న ఊరు. బయట తిరుగుతుంటే ఒక ట్యూన్. ఒక గదిలోకి అడుగు పెడితే ఆ ట్యూనే ఆ గది మనిషికి తగ్గట్టు వాయిద్యాలు మార్చుకుంటుంది, బయటికొస్తే మళ్ళీ మామూలుకొస్తుంది. ఎక్కడా తెగదు, ఠక్కున మారదు. నువ్వు ఏ క్షణంలో తలుపు తీసినా, ట్యూన్ ఆ సమయానికి ఎక్కడుందో చూసుకుని, తగిన చోట నుంచి మలుపు తిరుగుతుంది.

నాకు ఇది మొదటిసారి అర్థమైనప్పుడు ఒగ్గుకథ గుర్తొచ్చింది. మల్లన్న కథో బీరప్ప కథో చెప్పేటప్పుడు డోలు వాయించేవాళ్ళను ఎప్పుడైనా గమనించావా? వాళ్ళ చూపంతా కథకుడి మీదే. కథకుడు మాట సాగదీస్తే డోలు సన్నగా నడుస్తుంటుంది. ఆయన గిరుక్కున తిరిగి అడుగేస్తే ఆ అడుగు మీదే దెబ్బ పడుతుంది. జనం నవ్వుతుంటే ఆయన ఆగుతాడు, డోలు కూడా అదే దరువును ఇంకో నాలుగు చుట్లు తిప్పి ఆగుతుంది. ఎన్ని చుట్లన్నది ఎక్కడా రాసి ఉండదు. కథ యుద్ధంలోకి వెళ్తే దరువు మారుతుంది, కానీ ఎక్కడబడితే అక్కడ మారదు, నడుస్తున్న చుట్టు పూర్తయ్యాకే మారుతుంది. గేమ్ మ్యూజిక్ సిస్టం చెయ్యాల్సిన పని సరిగ్గా ఇదే. ఆడేవాడు కథకుడు, మ్యూజిక్ డోలు. మీ గేమ్‌లో ఎట్లాగూ గొర్రెల కాపరే కదా హీరో. వీలైతే ఒక రాత్రి ఒగ్గుకథ దగ్గర కూర్చుని, కథను వదిలేసి డోలు మీదే చెవి పెట్టు. నేను ఇక్కడ ఎంత రాసినా అంత నేర్పలేను.

ఆ తర్వాతే వెనకడుగు. సీడీలు వచ్చాయి. 1994లో ప్లేస్టేషన్ వచ్చేసరికి నిజమైన వాయిద్యాలు, నిజమైన గొంతులు, స్టూడియో క్వాలిటీ గేముల్లోకి వచ్చేశాయి. జనం మురిసిపోయారు, మురవాల్సిందే. కానీ పోగొట్టుకున్నదేంటో చూడు. చిప్ మ్యూజిక్‌లో ప్రతి స్వరాన్నీ మెషీన్ అప్పటికప్పుడు పలికిస్తుంది, కాబట్టి వేగం మార్చొచ్చు, వాయిద్యం మార్చొచ్చు. సీడీ ట్రాక్ అట్లా కాదు, అది పూర్తయిపోయిన రికార్డింగు. ప్లే చెయ్యడం, ఆపడం తప్ప గేమ్ దాన్ని ఏమీ చెయ్యలేదు. ట్రాక్ అయిపోయి మళ్ళీ మొదటికి వెళ్ళేటప్పుడు కాసేపు నిశ్శబ్దం కూడా వచ్చేది. పైగా డిస్క్ మీద పాట నడుస్తున్నంతసేపు అదే డిస్క్ నుంచి గేమ్ వేరే డేటా తెచ్చుకోలేదు. ఇదే సమయంలో నింటెండో 64 మాత్రం కాసెట్లనే పట్టుకుని వేలాడింది. అందులో రికార్డింగులకు చోటు లేదు కాబట్టి కంపోజర్లు పాత పద్ధతిలోనే పోయారు, దానివల్ల మేలే జరిగింది. 1998 బాంజో కజూయీలో గ్రాంట్ కర్కోప్ చేసిన ట్యూన్లు నీళ్ళలో మునగగానే వాయిద్యాలు మార్చుకుంటాయి. అదే ఏడాది వచ్చిన జెల్డా గేమ్‌లో హీరో చేతికే వాయిద్యం ఇచ్చేశారు, నువ్వు బటన్లతో పాట వాయిస్తే పగలు రాత్రవుతుంది, వాన కురుస్తుంది.

సీడీ వల్ల వచ్చిన లాభం ఇంకో వైపు. బయటి పాటలు గేముల్లోకి వచ్చాయి. 1995లో వైపౌట్ అనే రేసింగ్ గేమ్ అప్పటి క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌ను తెచ్చుకుని కుర్రకారును లాగింది. మన నెట్ సెంటర్ల తరానికైతే 2002 వైస్ సిటీ చెప్పక్కర్లేదు. కారెక్కితే రేడియో, స్టేషన్ మార్చుకోవచ్చు, కారు దిగితే పాట ఆగిపోతుంది. గేమ్ కథ 1986లో జరుగుతుంది కాబట్టి పాటలన్నీ ఆ కాలానివే. అప్పుడు మనలో ఎవరికీ ఆ పాటలు పాడిందెవరో తెలియదు, హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవే పనిచేసేది, అయినా ఆ ఊరు ఎట్లా ఉంటుందో ఆ పాటల వల్లే మనసులో పడిపోయింది. ఇక్కడ మ్యూజిక్ ఆటకు స్పందించట్లేదు, ఆ ఊరికి ఒక కాలాన్ని ఇస్తోంది. అదీ ఒక పాత్రే. ఈ గేమ్‌తో ఇంకో పాఠం కూడా ఉంది. కొన్ని పాటల లైసెన్సు గడువు తీరడంతో తర్వాతి విడుదలల్లో వాటిని తీసెయ్యాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. లైసెన్సుల సంగతికి చివర్లో వస్తాను.

మెమరీ పెరిగాక మంచి రికార్డింగు, స్పందించే గుణం రెండూ ఒకేచోట సాధ్యమయ్యాయి. 2010 రెడ్ డెడ్ రిడెంప్షన్ దీనికి మంచి నమూనా. బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ చాలావరకు మ్యూజిక్‌ను ఒకే వేగంలో, నిమిషానికి 130 బీట్లలో, ఒకే స్కేల్‌లో, ఎ మైనర్‌లో రికార్డు చేశారు. ఎందుకంటే గిటార్, బేస్, డ్రమ్స్, ట్రంపెట్ అన్నీ విడివిడి ముక్కలుగా ఉంటాయి, గేమ్ వాటిలో ఏ ముక్కను ఏ ముక్కతో కలిపినా అతకాలి. ఉత్తినే నడుస్తుంటే ఒకటి రెండు పొరలు, కాల్పులు మొదలైతే ఇంకొన్ని పొరలు చేరతాయి. ఇట్లా ఒకదాని మీద ఒకటి పొరలు పేర్చేది ఒక పద్ధతి. మెట్లు దాటినట్టు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్ళేది రెండో పద్ధతి. ఇప్పుడు ఎవరు గేమ్ మ్యూజిక్ చేసినా ఈ రెండింటి కలగలుపే. దీనికి ఎఫ్‌మాడ్, వైజ్ అనే టూల్స్ ఉన్నాయి, చిన్న బడ్జెట్ ప్రాజెక్టులకు ఉచిత లైసెన్సు కూడా ఇస్తారు, షరతులు వాళ్ళ సైట్లో చూసుకో.

అవార్డుల సంగతి కూడా అడిగావు కాబట్టి చెప్తున్నా. క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలో చేసిన "బాబా యేతు" పాటకు 2011లో గ్రామీ వచ్చింది, గేమ్ కోసం చేసిన పాటకు గ్రామీ రావడం అదే మొదలు. 2023 నుంచి గేమ్ మ్యూజిక్‌కి ప్రత్యేకంగా ఒక గ్రామీ విభాగం ఉంది, మొదటిసారి స్టెఫనీ ఎకనామూకి వచ్చింది. బాగుంది. కానీ గ్రామీ ఇచ్చేది ఆల్బమ్ విని. ఆడుతుంటే ఆ మ్యూజిక్ ఎట్లా మారుతుందో ఆల్బమ్‌లో వినపడదు.

మ్యూజిక్ లేకపోవడం కూడా పాత్రే, దీన్ని కొత్తవాళ్ళు తొందరగా ఒప్పుకోరు. ఫోన్లో అందరూ ఆడే తుపాకుల గేమ్ బీజీఎంఐ తీసుకో. మ్యాచ్‌కి ముందు వేచి ఉండే లాబీలో హోరెత్తించే మ్యూజిక్, మ్యాచ్ మొదలై నేల మీద దిగాక దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే అక్కడ బతకాలంటే పక్క గదిలో అడుగుల చప్పుడు వినాలి, ఎటువైపు నుంచి కాల్చారో తెలియాలి. మ్యూజిక్ పెడితే అది ఆడేవాడికి శత్రువవుతుంది. మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో సీ418 అనే కంపోజర్ చేసిన పియానో ముక్కలు చాలాసేపు ఏమీ లేకుండా ఉండి, ఎప్పుడో అనుకోకుండా వస్తాయి. అందుకే గంటలు గంటలు ఆడినా అవి విసిగించవు. మీ గేమ్‌లో పిల్లాడు గుట్టల్లో ఒంటరిగా తిరుగుతుంటాడు అన్నావు. ఆ భాగానికి గాలి, కౌజు పిట్టలు, దూరంగా గొర్రె మెడలో గంట చాలు. ఆ గంటే దారి చూపించాలి. ఎడమ చెవిలో వినిపిస్తే ఎడమవైపు వెతకాలి. దాని మీద నీ కీబోర్డు ట్యూన్ పరిచావంటే గేమ్‌లోని మంచి ఐడియాను నువ్వే చంపేసినవాడివవుతావు.

ఇప్పుడు చిరుత సంగతి. అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీని మీదే పెట్టు. మామూలుగా అందరూ రాసే కోడ్ ఏంటంటే, చిరుత ఇరవై అడుగుల లోపుకొస్తే భయం మ్యూజిక్ ఆన్, దాటితే ఆఫ్. ఇప్పుడు చిరుత సరిగ్గా ఆ గీత మీద అటూ ఇటూ తిరుగుతోందనుకో, మ్యూజిక్ ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ అంటూ పిచ్చెక్కిస్తుంది. అందుకని రెండు గీతలు పెట్టాలి. ఇరవై లోపుకొస్తే మొదలవ్వాలి, నలభై దాటితేనే ఆగాలి. ఒకసారి మొదలయ్యాక కనీసం ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆగకూడదు. మొదలయ్యేది కూడా ఠక్కున వద్దు, తర్వాతి బీట్ మీదో తర్వాతి చుట్టు మొదట్లోనో రావాలి. కానీ చిరుత మీదికి దూకితే చుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ ఆగరు కదా. అప్పుడు వెంటనే ఒక్క డోలు దెబ్బ వెయ్యి, ఆ దెబ్బ మోగుతుండగా వెనక మ్యూజిక్ మార్చుకో. అట్లాంటి ఒంటరి దెబ్బను స్టింగర్ అంటాం. నీ అంకెలు వేరే ఉండొచ్చు, ఆడి చూసి మార్చుకో, పద్ధతి మాత్రం ఇదే.

పొరలు కూడా మూడు చాలు. అడుగున సన్నటి తంబూర లాంటి శ్రుతి, దాని మీద దరువు, పైన ట్యూన్. మూడూ ఒకే వేగం, ఒకే శ్రుతి, ఒకే పొడవు ఉండేలా రికార్డు చెయ్యి. మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టి, అక్కర్లేనివాటి వాల్యూమ్ సున్నా పెట్టు. అవసరమైనప్పుడు ఒకదాన్ని కొత్తగా ప్లే చేద్దామనుకుంటే బీట్ కలవదు. కోడ్ రాసే మీవాడికి ఈ ఒక్క వాక్యం తప్పకుండా చూపించు.

వాయిద్యాల విషయానికొస్తే మీరు ఉన్న చోటే బంగారం ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర మీ పాలమూరు వైపుదే, వెదురు కర్ర, సొరకాయ బుర్రలతో చేస్తారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లానే. ఆ తీగ శబ్దం గరగరలాడుతూ, కొంచెం ఎండిపోయినట్టు ఉంటుంది, ఎండా రాళ్ళూ ఉన్న గుట్టలకి బాగా అతుకుతుంది. ఒక జాగ్రత్త, దాని శ్రుతి నీ కీబోర్డుకు సరిగ్గా కలవదు. కిన్నెరను కీబోర్డుకు సరిచెయ్యమని వాయించే పెద్దమనిషిని ఇబ్బంది పెట్టొద్దు, ఆయన శ్రుతి ఏదో చూసుకుని నీ కీబోర్డునే పిచ్ ట్యూనింగ్‌లో దానికి జరుపుకో.

డోలు గానీ డప్పు గానీ పెడితే ఫోన్ స్పీకర్ గుర్తుపెట్టుకో. చాలా ఫోన్ స్పీకర్లలో 200, 300 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ పలకదు. హెడ్‌ఫోన్స్‌లో గుండెల మీద కొట్టినట్టున్న డోలు ఫోన్లో అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టు వస్తుంది. అందుకని ఒక మైకు తోలుకి ఎదురుగా, ఇంకొకటి పుల్ల తగిలే అంచు దగ్గర పెట్టి రికార్డు చెయ్యి. ఆ చిటచిటే ఫోన్లో దరువును బతికిస్తుంది. మిక్సింగ్ ఎంత మంచి స్పీకర్ల మీద చేసినా, చివరగా ఒక మామూలు ఫోన్లో, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో విను. కొనేవాళ్ళు వినేది అట్లాగే.

లూప్ ఫైల్, అంటే అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి తిరిగే ముక్క, ఎంపీ3లో పెట్టొద్దు. ఎంపీ3 చేసేటప్పుడు ఫైల్ మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరుతుంది, దాంతో చుట్టు తిరిగిన ప్రతిసారీ తడబాటు వినిపిస్తుంది. ఆగ్ (OGG) లేదా వేవ్ (WAV) ఫైల్ వాడు. లూప్ చివర కత్తిరించే ముందు ఇంకో పని ఉంది. చివరి దెబ్బ మోత తర్వాతి చుట్టులోకి పోవాలి కదా, దాన్ని కత్తిరించి పారెయ్యకుండా లూప్ మొదట్లో కలుపు.

సెట్టింగ్స్‌లో మ్యూజిక్, సౌండ్ రెండింటికీ విడివిడిగా స్లైడర్లు పెట్టించు. మ్యూజిక్ ఆపేసి గంట చప్పుడు మాత్రం వింటూ ఆడేవాళ్ళు ఉంటారు. ఫోన్ చేసినవాళ్ళతో మాట్లాడి వచ్చాక మ్యూజిక్ తిరిగి మొదలవుతోందో లేదో చూడు. ఆడేవాడు అప్పటికే తన పాటలు వింటుంటే వాటిని ఆపి నీ ట్యూన్ రుద్దకు, అట్లా చేసిన గేమ్‌ను నేనైతే అక్కడికక్కడే డిలీట్ చేస్తా. ఇక దరువుకు తగ్గట్టు స్క్రీన్ తట్టే లెవెల్ పెడదామా అన్నావు. ప్లేస్టేషన్లో 1996 పారప్పా గేమ్ నుంచి 2005 గిటార్ హీరో దాకా మ్యూజిక్కే ఆటైన గేములు గొప్పగా నడిచాయి. కానీ ఫోన్ల మధ్య సౌండ్ ఆలస్యంలో తేడాలుంటాయి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెడితే ఆ ఆలస్యం సెకనులో పదో వంతు కూడా దాటుతుంది. ఆడేవాడు సరిగ్గా తట్టినా గేమ్ తప్పంటుంది. మొదటి గేమ్‌కి ఆ తలనొప్పి వద్దు.

చివరగా లైసెన్సులు. సినిమా పాట పది సెకన్లే కదా, పదిహేను సెకన్ల లోపు వాడితే ఏం కాదు అని ఎవరైనా చెప్తే నమ్మకు, చట్టంలో అట్లాంటి సెకన్ల లెక్క లేదు. నెట్లో "ఫ్రీ" అని దొరికే మ్యూజిక్‌కి కూడా షరతులుంటాయి. కొన్నిటికి పేరు వెయ్యాలి, కొన్నిటిని డబ్బు సంపాదించే వాటిలో వాడకూడదు. డౌన్‌లోడ్ చేసిన రోజే ఆ లైసెన్సు పేజీని సేవ్ చేసి పెట్టుకో. జానపద ట్యూన్ పాతది కావచ్చు, కానీ దాన్ని వాయించి పాడిన మనిషికి ఆ ప్రదర్శన మీద మన కాపీరైట్ చట్టంలోనే హక్కుంది. కిన్నెర ఆయన్నో డోలు ఆయన్నో పిలిస్తే రికార్డింగుకి ముందే ఎంత ఇస్తారో మాట్లాడుకోండి, అదే రోజు ఇచ్చెయ్యండి. ఒక కాగితం మీద ఏ గేమ్ కోసం, ఎక్కడెక్కడ వాడతారు, గేమ్‌కి డబ్బొస్తే ఆయన వాటా ఎంత, తెర మీద పేరు ఎట్లా వెయ్యాలి అన్నది తెలుగులో రాయండి. ఆయన చదవలేకపోతే ఇంట్లోవాళ్ళ ముందు చదివి వినిపించి, ఒక కాపీ ఆయన దగ్గరే ఉంచండి.